రక్తం పెరిగిన నలభై రోజులు

ప్రేమావతి రోజంతా కాసేది ఒక టీ, ఇంటికొచ్చి తాగేది ఇంకొకటి. పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో విమానాశ్రయం గోడకు ఎదురుగా ఉన్న చిన్న క్యాంటీన్‌లో టాక్సీ డ్రైవర్లకు ఆమె పోసేది పాలు, పంచదార, అల్లం, టీపొడి అన్నీ ఒకే గిన్నెలో పడేసి తుకతుకలాడించిన చాయ్. ఏళ్ల తరబడి కాస్తున్నా దాన్ని ఒక్క గుక్క కూడా ఆమె నోట్లో పోసుకోలేదు. ఆ చాయ్ తాగేవాళ్లకు ఆకలి ఉంటుంది కానీ నాలుక ఉండదని వాళ్ల ముఖం మీదే అనేది. వాళ్లు నవ్వుకుని మరో గ్లాసు అడిగేవారు.

గరాచర్మలో ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని, స్టవ్ దగ్గర నిలబడ్డాకే ఆమె అసలు టీ మొదలయ్యేది. అది ఆకు టీ. భర్త యిర్మియా కలకత్తా ఓడ మీద ఖలాసీగా పనిచేసిన రోజుల్లో అక్కడొక దుకాణంలో దాన్ని రుచి చూసి, అప్పట్నుంచి ప్రతి ట్రిప్పుకీ పొట్లం కట్టించి తెచ్చేవాడు. ఆయన పోయాక ఆయన తోటి ఖలాసీ అసిరయ్య ఆ ఆనవాయితీ తప్పించలేదు. గిన్నె అడుగున చిన్నచిన్న బుడగలు కట్టగానే ప్రేమావతి నీళ్లు దింపేసేది. నల్లగా మెలితిరిగిన ఆకు చిటికెడు వేసి, మూత పెట్టి పక్కనే కూర్చునేది. ఆ కాసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు. నీళ్లలో ఆకు విచ్చుకుని తేనె రంగు దిగేది. పాలు లేవు, పంచదార లేదు. మొదటి గుక్క వగరుగా నాలుకను పట్టుకుని, గొంతు దిగాక వెనక నుంచి సన్నగా తీపి వచ్చేది. ఆ తీపి కోసమే తానింకా బతికున్నానని నవ్వుతూ అనేది. అదే ఆకులో రెండోసారి నీళ్లు పోసి, పలచగా వచ్చినా పారబోయకుండా తాగేది.

రుచి ఒక్కటే అయితే ఇంత కథ లేదు. ఆ ఆకు గుండెకు మంచిదని, ఒళ్లు తేలికవుతుందని, మనసు నిలకడగా ఉంటుందని, షుగరు జబ్బు దరిచేరదని కలకత్తా దుకాణదారు యిర్మియాకు చెప్పాడు, యిర్మియా ప్రేమావతికి చెప్పాడు, ప్రేమావతి గరాచర్మ అంతటికీ చెప్పింది. మోకాళ్ల నొప్పికీ అదే మందు, తలనొప్పికీ అదే, కోడలితో పడని అత్తకూ అదే. ఆమె చెప్పినవాటిలో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజమే ఆమె కొంప ముంచింది.

ప్రేమావతికి ఒక్కతే కూతురు, లవీనా. అల్లుడు షాలోమ్ వండూర్ జెట్టీలో టూరిస్టు బోటు నడుపుతాడు. లవీనా మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెలకే బిడ్డ పోయింది. రక్తం కారి కారి తనూ చావు దాకా వెళ్లి వచ్చింది. ఒంట్లో రక్తం తక్కువ కాబట్టి తట్టుకోలేకపోయిందని, ఇంకోసారి ఇలాగే అయితే తామేమీ చెప్పలేమని డాక్టరు అన్నారు. రెండేళ్లకు మళ్లీ నెల తప్పింది. ఆ కబురు విని ప్రేమావతి సంతోషించలేదు, భయపడింది. అల్లుడికి నచ్చజెప్పి కూతుర్ని తన ఇంటికి తెచ్చేసుకుంది. ఈసారి దీన్ని పోనివ్వనని తనలో తాను అనుకుంది, దేవుడికీ అదే చెప్పింది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు శ్రావణి ఇనుము మాత్రలు ఇచ్చి, నిమ్మరసంతో వేసుకోమని, దానికి ముందూ వెనకా చాయ్, కాఫీ తాగొద్దని చెప్పింది. ప్రేమావతి బుద్ధిగా తలాడించింది. చాయ్ అంటే క్యాంటీన్‌లో తాను కాసే పాల చాయ్ అనుకుంది. దాన్ని ఆమె ఎటూ గడప తొక్కనివ్వదు. ఇక ఆకు సంగతంటారా, ఒంటికి అంత మేలు చేసేది మాత్రకు తోడైతే మాత్ర రెట్టింపు పనిచేస్తుందని ఆమె తీర్మానం. పొద్దునా సాయంత్రం మాత్రను కూతురి అరచేతిలో పెట్టి, ఆకు టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేది. లవీనాకూ ఆ టీ ఇష్టమే. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని తాగుతూ పుట్టబోయే బిడ్డ పేరు మీద పోట్లాడుకునేవారు. అవి మంచి సాయంత్రాలే. రక్తం మాత్రం పెరగలేదు.

అంతలో లెంటు వచ్చింది. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ వాళ్ల తెలుగు సంఘంలో ఒక్కొక్కరు తమకు ప్రాణమైనది ఒకటి మానుకుంటారు. ఒకరు మాంసం మానుకుంటే మరొకరు టీవీ సీరియళ్లు మానుకుంటారు. ప్రేమావతి ప్రాణం ఎక్కడుందో అందరికీ తెలుసు. భస్మ బుధవారం నాడు ఆమె ఆకు డబ్బా మూత బిగించి అలమార పైన పెట్టేసింది. మోకాళ్ల మీద కూర్చుని, నా కూతురి రక్తం పెంచు ప్రభువా అని వేడుకుంది. అమ్మ ఒక్కతే మానుకుంటే బాగుండదని లవీనా కూడా మానేసింది. ఆ నలభై రోజులూ మాత్రలు నిమ్మరసంతోనే దిగాయి.

ఈస్టరుకు ముందు వారం రక్త పరీక్ష చేయిస్తే ఎనిమిది ఉన్న హిమోగ్లోబిన్ అంకె పది అయింది. శ్రావణి బాగుందంది. ప్రేమావతికి కాలు నేల మీద నిలవలేదు. ఈస్టరు ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. తాను ప్రాణమైనదాన్ని విడిచిపెడితే ప్రభువు తన కూతురి ఒంట్లో రక్తం పోశాడని, విశ్వసించి అడిగితే ఆయన కాదనడని కళ్లనీళ్లతో చెప్పింది. సంఘమంతా హల్లెలూయా అంది. అప్పట్నుంచి ఎవరింట్లో జ్వరం వచ్చినా ముందు ప్రేమావతికే కబురు, వచ్చి ప్రార్థన చెయ్యమని. ఆ రోజు ఇంటికి రాగానే ఆమె డబ్బా దించింది. లెంటు అయిపోయింది, ఇక ఆకుకు అడ్డేమిటి? పండగ కదా అని కూతురి గ్లాసులో ఇంకో చిటికెడు ఎక్కువే వేసింది.

మే నెలలో అంకె తొమ్మిదికి జారింది. జూన్‌లో ఎనిమిది కిందికి పోయింది. లవీనా పెదవులు పాలిపోయాయి. వాకిట్లో మెట్లు ఎక్కితే ఆయాసం. తల్లి చూడనప్పుడు అద్దం ముందు నిలబడి కంటి కింది రెప్ప లాగి చూసుకునేది. ప్రేమావతికి ఒకటే ప్రశ్న. ఇచ్చినవాడే వెనక్కి ఎందుకు లాక్కుంటున్నాడు? ఆలోచించి ఆలోచించి తప్పు తనలోనే పట్టుకుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆమె గర్వపడింది, నిజమే. అందరూ తన వంక చూస్తుంటే బాగుందనిపించింది, అదీ నిజమే. ఆ గర్వానికే ఇది శిక్ష అనుకుంది.

అప్పుడిక తనను తాను సాధించుకోవడం మొదలుపెట్టింది. టీ మానడం చిన్న త్యాగం, ఈసారి అన్నమే మానాలి అనుకుంది. మధ్యాహ్నం భోజనం మానేసింది, కొన్నాళ్లకు రాత్రిదీ మానేసింది. క్యాంటీన్‌లో నిలబడలేక స్టూలు మీద కూర్చుని చాయ్ పోస్తుంటే, దీదీకి ఏమైందని డ్రైవర్లు గుసగుసలాడుకున్నారు. చల్లటి గచ్చు మీద మోకాళ్లు వాచేదాకా ప్రార్థన చేసేది. నన్ను తీసుకో, దాన్ని వదిలెయ్ అని అడిగేది. ఆ పస్తుల్లో ఆమెను నిలబెట్టింది ఆకు టీ ఒక్కటే. కూతురు నీరసపడుతోందని దానికీ రోజుకు మూడుసార్లు పెట్టి ఇచ్చింది. ప్రేమావతిని తలుచుకుంటే జాలి కంటే ముందు కోపం వస్తుంది. కడుపు మాడ్చుకోవడానికి సిద్ధపడ్డ మనిషికి ఆ గ్లాసు పక్కన పెట్టాలని మాత్రం తట్టలేదు.

ఎనిమిదో నెల దాటాక పరీక్ష కాగితం చూసి శ్రావణి ముఖం మారిపోయింది. లవీనాను లోపల బల్ల మీద పడుకోబెట్టి, ప్రేమావతిని వరండాలోకి పిలిచింది.

"ఆంటీ, సచ్ బోలో. గోలీలు ఏస్తన్నారా, పారేస్తన్నారా?"

"నా చేత్తో నేనే ఏస్తన్నానమ్మా."

"దేంతోటి?"

ప్రేమావతి కొంచెం గొప్పగానే చెప్పింది. కలకత్తా ఆకు అని, పాలూ పంచదారా వెయ్యనని, గుండెకు ఎంతో మంచిదని చెప్పింది. శ్రావణి చేతిలో పెన్ను కింద పెట్టేసింది.

"లెంటు టైములో పెరిగింది కదా. అప్పుడు కూడా ఇదే ఇచ్చేరా?"

"లెంటులో మానేసేం కదమ్మా, ఇద్దరం."

శ్రావణికి కోపం రాలేదు, వస్తే బాగుండునని ప్రేమావతి తర్వాత చాలాసార్లు అనుకుంది.

"ఆకు మంచిదే ఆంటీ, నేను కాదన్ను. గానీ గోలీతో పాటు తాగితే అందులో ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. పాలు పోసినా పొయ్యకపోయినా అంతే. అందుకే ఒద్దన్నాను."

ఆ ఒక్క మాటతో ప్రేమావతికి రెండు పోయాయి. ఇన్నాళ్లూ కూతురికి ప్రేమతో పట్టించిందే కూతురి రక్తానికి అడ్డం పడింది. లెంటులో దేవుడు విన్నాడనుకున్నది వినడం కాదు, టీ లేకపోవడం. తాను ఎవరి ముందు మోకాళ్లూనిందో, ఎవరికోసం పస్తులుందో ఆమెకు అర్థం కాలేదు. సోమవారం ఆసుపత్రిలో చేర్చండి, ఇనుము సూది ద్వారా ఎక్కిస్తారు, ఇంకా టైముంది అని శ్రావణి ధైర్యం చెప్పింది. లవీనాతో తానే చెబుతానని, నువ్వు చెప్పొద్దని ప్రేమావతి ఆ అమ్మాయి చేతులు పట్టుకుంది.

చెప్పలేకపోయింది. ఆకు అయిపోయిందని అబద్ధమాడి మాత్ర నిమ్మరసంతో ఇచ్చింది. పోనీలే, ఓడ రాగానే అసిరయ్య బాబాయి తెస్తాడు అంది లవీనా.

సోమవారం దాకా ఆగలేదు. శనివారం మధ్యాహ్నం వంటింట్లో నిలబడ్డ లవీనా కాళ్ల వెంట రక్తం కారింది. ఆటోలో పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి చేర్చేసరికి సీటు తడిసిపోయింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఒంట్లో ఉన్నదే తక్కువ, పోతున్నదేమో ఎక్కువ, రక్తం ఎక్కించకుండా ముట్టుకోలేమన్నారు. ఓ పాజిటివ్ రక్తం ఆ పూటకు అక్కడ రెండు సంచులే ఉంది, అది చాలదు. షాలోమ్ వండూర్ నుంచి వానలో బండి మీద తడిసి ముద్దయి వచ్చాడు. అతనిది వేరే గ్రూపు. తల్లీకూతుళ్లది ఒకటే గ్రూపు.

ప్రేమావతి పరుగున రక్తం తీసే గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. ఎంత కావాలంటే అంత తీసుకోమంది. టెక్నీషియన్ వేలి మీద పొడిచి చుక్క తీసి చూసి, తలెత్తి ఆమె ముఖం చూశాడు.

"ఆంటీ, ఖానా నహీ ఖాతే క్యా, తిండి తినట్లేదా? మీకే ఎక్కించాలి."

ఆమె బతిమాలింది. ఒక్క సంచైనా తియ్యమంది, తాను పడిపోయినా ఫరవాలేదంది. కూతురి కోసం కడుపు మాడ్చుకున్న రోజులన్నీ అక్కడ ఆమెకు అడ్డం నిలబడ్డాయి. బయటికి వచ్చేసరికి లవీనాను స్ట్రెచర్ మీద తోసుకుపోతున్నారు.

"ప్రార్థన చెయ్యమ్మా," అంది లవీనా. "లెంటులో విన్నాడు కదా."

తలుపు మూసుకుంది.

కబురు తెలిసి సంఘంవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. తడి గొడుగులు గోడకు ఆనించి కారిడార్‌లో గుండ్రంగా చేరారు. కొందరు అప్పుడే మోకాళ్లూనారు. పాస్టరుగారు ప్రేమావతి భుజం మీద చెయ్యి వేసి, మీరే మొదలుపెట్టండమ్మా, మీ ప్రార్థన ఆయన వింటాడు అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. షాలోమ్ కూడా మూసుకున్నాడు. ప్రేమావతి మాత్రం కళ్లు తెరిచే ఉంచి ఆ ముఖాలన్నీ చూసింది. మంచి పేరు, కూతురి ప్రాణం రెండూ ఆమె చేతుల్లో ఉన్నాయి, రెండూ నిలిచే దారి లేదు.

"నేను ప్రార్థన చెయ్యను పాస్టరుగారూ," అంది. "ఈస్టరుకి నేను చెప్పిన సాక్ష్యం తప్పు. అప్పుడు రక్తం పెరిగింది నా ప్రార్థనకి కాదు. గోలీతో ఆకు టీ ఇవ్వటం మానేసేను గనక పెరిగింది. మళ్లీ ఇచ్చేను, మళ్లీ తగ్గిపోయింది. నా చేత్తోనే ఇచ్చేను. నా రక్తం ఇద్దామంటే పనికిరాదన్నారు. మోకాళ్ల మీద కూచోకండి. ఓ గ్రూపోళ్లు ఎవరన్నా ఉంటే ఆ గదిలోకి ఎల్లండి. ఏగిరం ఎల్లండి."

ఎవరూ కదల్లేదు. షాలోమ్ కళ్లు తెరిచి అత్తగారి వంక చూసిన చూపు ఆమె జన్మలో మరిచిపోదు. అప్పుడు పాస్టరుగారు చేతిలోని బైబిల్ బెంచీ మీద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, నాది ఓ గ్రూపే అని ఆ గది వైపు నడిచారు. ఆయన వెనకే గవరమ్మ లేచింది, ఆమె వెనక పాటలు పాడే లాయిడ్ లేచాడు. తమ గ్రూపేదో తెలియనివాళ్లు కూడా చూపించుకుందామని వెళ్లారు. గొడుగుల పక్కన ప్రేమావతి ఒక్కతే మిగిలింది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టిందన్నారు, చిన్నదే కానీ ఏడుస్తోందన్నారు. తల్లి బతికిందని ఇంకా చాలాసేపటికి గానీ చెప్పలేదు. ప్రేమావతిని లోపలికి పంపేసరికి లవీనా కళ్లు సగం తెరిచి, తల పైన వేలాడుతున్న ఎర్రటి సంచినే చూస్తోంది. తల్లి దగ్గరికి రాగానే ఆ చెయ్యి అందుకుని తన చెంపకు ఆనించుకుంది.

"నీదే కదమ్మా ఇది?"

ఊ అనడం ఎంతో తేలిక. కూతురు నమ్మేది కూడా.

"కాదే," అంది ప్రేమావతి. "అందరిదీ ఉంది. నాదే లేదు."