అమ్మ ఫోన్‌లో దొరికిన లింకు

థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని సంధ్యారాణి తమ్ముడు రమేశ్ వెళ్లి నాలుగు నెలలైంది. చివరి ఫోన్ వచ్చి రెండు నెలలు. "అక్కా, ఇది ఆఫీసు కాదే. పాస్‌పోర్టు గుంజుకున్నరు. గేటు కాడ తుపాకులున్నయ్." ఆ తర్వాత ఏమీ లేదు. మట్టెవాడలో పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసిన ఇరవై మూడేళ్లవాడు.

దేవుడున్నాడు, ధైర్యంగా ఉండమని చెప్పినవాళ్లు వాడ నిండా ఉన్నారు. పనికొచ్చే మాట అన్నది కానిస్టేబుల్ యాకయ్య ఒక్కడే: "అప్లై చేసిన లింకు తేమ్మా. అదుంటె దానెనుక ఉన్నోడు దొరుకుతడు. లేకుంటె ఎక్కడని దేవులాడాలె?"

రమేశ్ ఫోన్ అతనితోనే పోయింది. సంధ్యారాణి నెలనెలా తన ఫోన్ ఖాళీ చేసుకుంటుంది. గుడ్ మార్నింగ్ పువ్వులతో పాటు చాట్లన్నీ పోతాయి. మిగిలింది తల్లి భాగ్యమ్మ ఫోన్. ఆమెకు చదువు రాదు, వాయిస్ మెసేజులు వింటుంది. తుడిపేయడం కూడా రాదు కాబట్టి ఇంటి గ్రూపు చాట్ మూడేళ్లది అందులో అలాగే ఉంది. ఫైలుగా బయటికి తీస్తే పద్దెనిమిది వేల లైన్లు.

రాతలోంచి కావలసినవి ఏరడమే హన్మకొండ కంపెనీలో సంధ్యారాణి ఉద్యోగం. దానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తారు: వెతికే మాటను కాక, దాని ఆకారాన్ని కంప్యూటర్‌కు చెప్పడం. నేతింటి పిల్ల కాబట్టి మగ్గంతో పోల్చి మురిసిపోవచ్చు. ఆమెకు అంత తీరిక లేదు. http తో మొదలై, ఖాళీ వచ్చేదాకా ఏముంటే అదంతా, అని రాసింది. మూడు వందల పన్నెండు లింకులు వచ్చాయి. పాటలు, పంచాంగం, చీరల సేల్. అదొక్కటి లేదు.

వాడ నేత సంఘం గ్రూపులో అన్నీ పోస్టర్ బొమ్మలే, లింకు కాపీ చేయడానికి రాదు. నచ్చినవాళ్లు అందులోని లింకును చూసి చేత్తో టైపు చేసి ఇంట్లోవాళ్లకు పంపుతారు. ముందున్న http ని ఎవరూ కొట్టరు. అది గుర్తొచ్చి ఆకారం మార్చింది: అక్షరాలు, చుక్క, అక్షరాలు, ఏటవాలు గీత. కొత్తవి నలభై ఏడు. ఇరవై తొమ్మిదోదాని చివర థాయ్ జాబ్స్ అని ఉంది. పక్కనే తారీఖు, పంపినవారి పేరు. సంధ్యారాణి.

"తమ్మీ, పెద్దబాపు సంఘం గ్రూపుల పెట్టిండు. ఎన్నాళ్లు మగ్గం కాడ కూసుంటవ్? అప్లై కొట్టు."

ఆ పోస్టర్ కోసం సంఘం అధ్యక్షుడు, నాన్నకు అన్న అయిన పెద్దబాపు బుచ్చిరాములు దగ్గరికి పరుగెత్తింది.

"గా పోస్టర్ ఎప్పుడో డిలీట్ చేసిన బిడ్డా. సంఘం పరువు గద. లింకొక్కటి రాసియ్యి, గా లైను తీసెయ్. నీ పేరెందుకు?"

"నా పేరున్న లైను తీస్తె తారీఖు పోతది, పెద్దబాపు. నీ పోస్టర్ లేదాయె. గా లైనొక్కటే సాక్ష్యం."

ఇంట్లో భాగ్యమ్మ ఎదురొచ్చింది. "దొరికిందా? నా కొడుక్కు గా లింకు పంపినోడు ఎవడే? వాని చేతులిరిగిపోను!"

"పొయ్యి బంద్ చెయ్యమ్మా. ఠాణాకు పోవాలె."

ఠాణాలో యాకయ్య, సంధ్యారాణి నింపిన ఫారం చూశాడు. లింకు పంపినవారి పేరు: సంధ్యారాణి. బాధితుడితో సంబంధం: అక్క. తలెత్తి, బయట బల్ల మీద కూర్చున్న భాగ్యమ్మ వైపు చూశాడు.

"ఫిర్యాదు మీ అమ్మ పేరు మీదున్నది. ఏలిముద్ర ఏసేముందు చదివి వినిపియ్యాలె. నేను చదవాల్నా?"

"వద్దు సార్," అంది సంధ్యారాణి, కాగితం తీసుకుని. "నేనే చదువుత."