లిఫ్టు లేని పందేల కొండ

శనివారం పొద్దున ఆరింటికి బేసింగ్‌స్టోక్‌లో రైలెక్కాం, నేనూ మా అమ్మాయి సహస్రా. పన్నెండేళ్ళ పిల్ల. మా ఊరి దగ్గర మంచుకు బదులు ప్లాస్టిక్ పరిచిన వాలు మీద స్కీయింగ్ పందేల్లో పాల్గొంటుంది. పోయిన నెల పందెంలో పడిపోయి, స్కీలు విప్పేసి సగంలోనే నడిచి వచ్చేసింది. "ఐయామ్ డన్, డాడీ" అంది. తర్వాతి పందేనికి పేరివ్వడానికి ఆదివారం సాయంత్రం ఆరు వరకే గడువు. ఒకప్పుడు పందేలు జరిగిన కొండను చూస్తే మనసు మారుతుందేమోనని స్కాట్లండ్‌లోని బెన్ లాయర్స్‌కు బయల్దేరదీశాను.

లండన్‌లో రైలు మారి, పులిహోర తింటూ ఒంటిగంటలోపే ఎడిన్‌బరా చేరాం. అక్కణ్ణించి అద్దెకారులో రెండు గంటలు. కొండ కింద కిలిన్ ఊళ్ళో బస.

ఆదివారం ఎనిమిదింటికి కొండ దగ్గర కారు ఆపి చూద్దును కదా, స్కీలతో పైకి చేర్చే లిఫ్టు లేదు, కనీసం టీ దుకాణమైనా లేదు. పందేలు ఎన్నేళ్ళ కిందట జరిగాయో చదవకుండా గది బుక్ చేసిన ఘనుణ్ణి నేనే.

"డాడీ, వేర్ ఈజ్ ద లిఫ్ట్?"

"లేనట్టుంది బిడ్డా. నడుద్దాం పా."

"సీరియస్లీ?"

ఆమె స్కీలు నా భుజాన వేసుకుని గంటసేపు ఎక్కేసరికి నా పని అయిపోయింది. దారి పక్కన రాయి మీద ఒక పెద్దావిడ శాండ్‌విచ్ తింటోంది. చిన్నప్పుడు ఇక్కడే పందేల్లో దిగేదట. లిఫ్టు ఎప్పుడూ లేదని నవ్వింది. పోటీదారులే స్కీలు మోసుకుని ఎక్కి, వరుసగా నిలబడి, అడ్డంగా అడుగులు వేస్తూ మంచును తొక్కి దారి చదును చేసేవారట.

"పడితే?" అని సహస్ర ఇంగ్లీషులో అడిగింది.

"లేచి కింది దాకా వచ్చేవాళ్ళం. అంత కష్టపడి ఎక్కాక మధ్యలో స్కీలు ఎవరు విప్పుతారమ్మా?" అందావిడ.

పైన పల్లంలో మంచు గట్టిగానే ఉంది. సహస్ర స్కీలతో, నేను బూట్లతో ముప్పావుగంట తొక్కాం. ఆమె దిగింది, సగంలో పడింది, లేచింది, అడుగు దాకా వెళ్ళింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఎగెన్" అంటూ ఈసారి స్కీలు తనే భుజానికెత్తుకుంది.

మూడింటికి ఎడిన్‌బరాలో తిరుగు రైలు. ఆ కొండకు వెళ్ళేవాళ్ళు మంచి బూట్లూ, ఫ్లాస్కు నిండా టీ తీసుకెళ్ళండి. ఇంత తృప్తిగా ఒళ్ళు నొప్పులు పుట్టిన ప్రయాణం నేను చేయలేదు.

ఐదున్నరకు యార్క్ దగ్గర సహస్ర నా ఫోన్ తీసుకుని పందెం ఫారం నింపింది. చివర్లో తల్లిదండ్రులు ఏ సాయం చేస్తారో రాయాలి: టీ పంచడమో, వాలు మీద పాతిన గేటు కర్రల దగ్గర నిలబడి పోటీదారులను చూసుకోవడమో. టీ పంచడం రాయమన్నాను.

"నో. గేటు దగ్గర నిలబడు. లాస్ట్ టైమ్ పడ్డప్పుడు ఐ లుక్డ్ ఫర్ యూ, డాడీ."

ఆ రోజు నేను కారులో ఆఫీసు కాల్ మాట్లాడుతున్నాను. ఫోన్ తీసుకుని, గేటు దగ్గర ఉంటానని నా పేరు నేనే టైపు చేశాను.