పాలు ఇంకేదాకా

మా ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్న ప్రశ్నకు ఏలూరు లైబ్రరీలో నాకు రెండు జవాబులు దొరికాయి. ఒక పుస్తకం మొదటిసారి ఎదకు రాకముందే చేయించమంది. ఇంకొకటి ఒక ఎద దాటనిచ్చి, ఒళ్ళు పూర్తిగా ఎదిగాక చేయించమంది. నేను పదో తరగతితో చదువు ఆపేసి పెళ్ళి చేసుకున్నదాన్ని. ఆ తరవాత నేర్చుకున్నదంతా ఆ లైబ్రరీ బల్లల దగ్గరే. రెండు పుస్తకాలు పోట్లాడుకుంటే మధ్యలో కూర్చుని తీర్పు చెప్పడం నాకు మహా ఇష్టం. పశువుల డాక్టరమ్మగారిని అడిగాను.

"చిన్నసైజు కుక్కే కదండీ, ఇప్పుడైనా ఫరవాలేదు, ఒక ఎద దాటాకైనా ఫరవాలేదు. ఎదలో ఉండగా మాత్రం తీసుకురాకండి, రక్తం ఎక్కువ పోతుంది" అన్నారావిడ.

నేను రెండో పుస్తకం వైపు మొగ్గాను.

మేముండేది కొల్లేటికోట వెళ్ళే దారిలో, చేపల చెరువుల మధ్య గట్టు మీద. ఒకప్పుడు అవి మా వరిచేలు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తయ్యగారు. అత్తయ్యగారికి మా ఆయన ఒక్కడే మిగిలాడు. అంతకుముందు ఎంతమంది పుట్టారో ఈ ఇంట్లో ఎవరూ చెప్పరు, నేనూ అడగలేదు.

గట్ల మీద పుట్టిన కుక్కపిల్లల్ని ఎవరూ ఉంచుకోరు. చెరువు కాపలాకు ఒక కుక్క చాలు. మిగతావాటిని కళ్ళు తెరవకముందే గోనెసంచిలో వేసి డ్రెయిన్‌లో వదిలేస్తారు. అలాంటి సంచి ఒకటి మా వాకిలి ముందునుంచే వెళ్ళింది. పట్టుకెళ్ళే మనిషి మామూలుగా మాతో మాట్లాడుతూనే ఉన్నాడు. సంచి మాత్రం కదులుతోంది. మా కుక్క కడుపున పుట్టినవాటికి ఆ గతి పట్టకూడదనే ఈ ఆపరేషన్ సంగతి అంత గట్టిగా పట్టుకున్నాను.

కార్తీకం వెళ్ళి మంచు పట్టే రోజుల్లో అది ఎదకు వచ్చింది. చేపల మేత బస్తాలుండే గదిలో పెట్టి తాళం వేశాను. మర్నాడు తెల్లవారి తలుపు తీస్తే గట్టు పొడుగునా కుక్కలు నిలబడి ఉన్నాయి. మంచులో కాళ్ళు కనబడటం లేదు. వీపులూ చెవులూ మాత్రం గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఒక్కటీ మొరగలేదు. ఒకదాన్నొకటి కరుచుకోలేదు.

"సంబంధాలు వచ్చాయే, కాఫీలు పెట్టు" అన్నాడు మా ఆయన.

"నవ్వకురా" అన్నారు అత్తయ్యగారు. "కుక్కలు ఆడదాని కోసం వస్తే కొట్టుకుంటాయి. ఇవేంట్రా, చావింటికొచ్చినట్టు నిలబడ్డాయి?"

ఎద ఉన్నన్నాళ్ళూ అలాగే వచ్చాయి, అలాగే నిలబడ్డాయి. ఒకరోజు గట్టు ఖాళీ అయింది. తాళంచెవి మొదటినుంచీ నా మెడలో గొలుసుకే ఉంది. కుక్కను బయటకు వదిలి, డాక్టరమ్మగారికి ఫోన్ చేశాను. రెండు మూడు నెలలు ఆగి తీసుకురమ్మన్నారు.

ఆ నెలలు గడుస్తుండగా దాని చన్నులు ఉబ్బాయి. తిండి మానేసి, తిరిగి తిరిగి ఆ మేత గదిలోకే పోయేది. మూలన గోనెపట్టాలు గోకి గుంటలా చేసుకుంది. ఆ గుంట చుట్టూ వంపు తిరిగి పడుకుని, ఖాళీ పట్టాను నాకేది. పాలబొట్లు పట్టా మీద పడి, వాటికి చీమలు పట్టేవి. ఒకసారి మేత తీసుకోవడానికి వెళ్ళి ఆ గుంటలో కాలు పెట్టబోయాను. నన్నెప్పుడూ ఏమీ అనని కుక్క పళ్ళు బయటపెట్టింది.

"అటు తొక్కకమ్మాయ్" అన్నారు వెనకనుంచి అత్తయ్యగారు.

"ఏముందండీ అక్కడ?"

"పిల్లలు."

నాకు నవ్వొచ్చింది. చదివింది చెప్పే అవకాశం కూడా వచ్చింది. "ఇది ఉత్తుత్తి చూలండి అత్తయ్యగారూ. కడుపు రాకపోయినా ఎద దాటాక ఒంట్లో మార్పుల వల్ల పాలొస్తాయి. పుస్తకంలో ఉంది. పిల్లలేమీ ఉండవు."

"అయితే ఆ పాలెవరికోసం వస్తున్నాయో కూడా ఉందా పుస్తకంలో?"

"పోనీ ఎంతమందండీ పిల్లలు?" అన్నాను వేళాకోళంగా.

"నలుగురు" అన్నారావిడ. కుక్కపిల్లల్ని నలుగురనడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఇలాంటప్పుడు కుక్క ఏ చెప్పునో, బొమ్మనో తెచ్చుకుని పిల్ల అనుకుంటుందని పుస్తకాల్లో ఉంది. మాది ఏదీ తెచ్చుకోలేదు. ఒక మధ్యాహ్నం చెరువు గట్టు ఊట దిగి మేత గదిలోకి నీళ్ళొచ్చాయి. నేనూ మా ఆయనా బస్తాలు మోస్తున్నాం. కుక్క ఆ మూలనుంచి లేచి, నోరు కొంచెం తెరిచి, పళ్ళు తగలకుండా దేన్నో పట్టుకున్నట్టు తల ఎత్తుకుని మా కాళ్ళ మధ్యనుంచి వరండాలోకి వెళ్ళింది. అక్కడ ఒక మూలన మెల్లగా దించింది. నోట్లో ఏమీ లేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పట్టుకెళ్ళింది. అలా నాలుగుసార్లు. తరవాత ఒక్కసారి వచ్చి తడిసిన మూలంతా వాసన చూసి, ఇంక రాలేదు. మా ఆయన దానిమీద ఏదో ఒక జోకు వేస్తాడనుకున్నాను. వరండాలో దించబోయిన బస్తాను పక్కకు జరిపి దించాడు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మగారికి ఫోన్ చేశాను. "పాలున్నప్పుడు ఆపరేషన్ వద్దండి. ఇంకాక తీసుకురండి. తిండి కాస్త తగ్గించండి. చన్నులు ముట్టుకోకండి, దాన్నీ నాకనివ్వకండి" అన్నారు.

తిండి తగ్గించాను. పాలు ఇంకలేదు. ఇంకకపోగా పెరిగాయి. మాఘం దాటుతోంది. ఎండలు ముదిరితే మళ్ళీ ఎదకొస్తుంది. లైబ్రరీకి వెళ్ళి దొరికినవన్నీ తిరగేశాను. పాలు ఎందుకు ఇంకవో ఎందులోనూ లేదు. జవాబు మా వంటింట్లోనే నీచువాసన వేస్తూ దొరికింది. అత్తయ్యగారు సంతనుంచి పాలసొర చేప తెప్పించి, వెల్లుల్లి దంచి వేసి, బాలింతలకు పాలు పడటానికి వండినట్టు వండి, నా కంట పడకుండా కుక్కకు పెడుతున్నారు.

"ఇదేమిటండీ అత్తయ్యగారూ! వెల్లుల్లి కుక్కలకు విషమండి."

"ఏం, పసిపిల్లల తల్లిని ఎండగడతావా?"

"పాలింకితేనే ఆపరేషనండి. లేకపోతే మళ్ళీ ఎదకొస్తుంది. మళ్ళీ ఆ కుక్కలొస్తాయి. ఈసారి ఏ తలుపైనా తోసేస్తాయి. అప్పుడు పుట్టేవి నాకూ కనబడతాయి. వాటిని సంచిలో వేసి ఎవరు పట్టుకెళ్తారండీ? మీరా, నేనా?"

ఆవిడ గిన్నె కింద పెట్టారు. "పాలు మాన్పించాలని ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

చంటిపిల్లలకు పాలు మాన్పించేటప్పుడు తల్లులు చన్నులకు వేపాకు ముద్ద రాసుకుంటారు. అత్తయ్యగారు లేతాకు నూరి, కుక్కను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఒక్కో చన్నుకూ రాశారు. చేదుకు అది నాకడం మానుకుంటుందని నాకు అర్థమైంది. కానీ ఆవిడ రాసింది కుక్క కోసం కాదు. "కొన్నాళ్ళు ఏడుస్తారు. తరవాత వాళ్ళే మానుకుంటారు" అన్నారు వరండా మూలకేసి చూస్తూ.

ఆ వారమంతా సన్నటి కూత ఒకటి వినబడింది. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ బేరింగ్ పోయిందని మా ఆయన గ్రీజు పెట్టాడు. మోటారు ఆపి కూడా చూశాడు. ఆపినా వినబడింది. కుక్క చెవులు నిక్కబొడుచుకుని కూర్చునేది గానీ లేచి వెళ్ళేది కాదు. ఒకరోజు కూత సన్నబడి, ఆగిపోయింది. చన్నులు ముడుచుకున్నాయి. పాలు ఇంకాయి.

డాక్టరమ్మగారు చూసి, ఇదే సరైన సమయమన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. మందు మత్తులో ఉన్న కుక్కను నా చేతికిస్తూ, "ఇదివరకు ఒకసారి చూలు కట్టిందా అండీ?" అని అడిగారు.

"లేదండి. తాళం వేసి ఉంచాను."

"గర్భసంచి చూస్తే కట్టినట్టే ఉందండి. లోపల పిల్లలు అంటుకున్న చోటల్లా మచ్చలున్నాయి. ఒక్కోసారి నిలవకుండా మొదట్లోనే కరిగిపోతాయి. బయటకి ఏమీ రాదు."

తెలియనిది కనబడితే అడగకుండా ఉండలేని మనిషిని నేను. లైబ్రరీలో నాకున్న పేరే అది. ఎన్ని మచ్చలండీ అని అడగడానికి నోరు తెరిచాను. చేతుల్లో కుక్క మత్తులోనే మూలిగింది. దాన్ని సరిగా పొదువుకుని ఆటో ఎక్కాను.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్యగారు వరండా అంతా పసుపునీళ్ళతో కడిగి, తలంటుకుని, తడిజుట్టుతో గుమ్మంలో కూర్చున్నారు. పురుడు తీరిన ఇల్లులా ఉంది. డాక్టరమ్మగారు ఏమన్నారని ఆవిడ అడగలేదు. కుక్కను అందుకుని, పొట్టమీద కుట్లు తగలకుండా పడుకోబెట్టారు.

ఆ ఎండాకాలం గట్టు మీద ఒక్క కుక్కా నిలబడలేదు. మా వాకిట్లోనుంచి సంచి వెళ్ళలేదు. వరండాలో ఆ మూల ఇప్పటికీ ఖాళీ. ఊడ్చేటప్పుడు నా చీపురు కూడా దాని అంచుదాకా వెళ్ళి ఆగుతుంది.