ఐవీ పెద్దమ్మ చెప్పిన ఒక్క డైలాగు

మా ఊళ్లో తీసిన ఒకే ఒక్క సినిమాలో నేను మూడో శవాన్ని. ఒక రాక్ బ్యాండు ఊరూరా తిరుగుతూ పాడుతుంటుంది. ముసుగు వేసుకున్నవాడొకడు వెంటపడి, మైకు స్టాండుతో వాళ్లని ఒక్కొక్కరినే పొడిచి చంపుతాడు. కథ అంతే. లండన్ పత్రికల్లో ఒకటి దాన్ని చెత్త అని రెండు ముక్కల్లో తేల్చేసింది, మిగతావి ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు. నాకూ దాని మీద గౌరవం లేదు. అయినా రాయడానికి కూర్చున్నానంటే కారణం ఐవీ గ్రిమ్‌షా. నేను ఆవిడకి ఎంత ఋణపడ్డానో సినిమా చూసినవాళ్లకి తెలియదు.

ఐవీ పెద్దమ్మ పద్నాలుగో ఏట నేత మిల్లులో చేరింది. మా అమ్మమ్మ మగ్గాల పక్కవే ఆవిడ మగ్గాలు. ఆ షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే ఉత్తర ఇంగ్లండులో మా లాంకషైర్ నేతగత్తెలు గొంతుతో మాట్లాడరు. పెదాలు, బుగ్గలు, కనుబొమ్మలు అన్నీ పెద్దగా కదిపి, మాటని ముఖం మీద చూపిస్తారు. దాన్ని మా వైపు మీ-మా అంటారు. ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరి పిల్లకి నెల తప్పిందో, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి అలాగే చేరేది, పక్కనే నిలబడ్డ మేస్త్రీకి ఒక్క ముక్క తెలియకుండా. నన్ను పెంచింది అమ్మమ్మ. పుస్తకాలు నా అంతట నేను చదువుకున్నాను గాని, వాటికంటే ముందు నాకు చదవడం వచ్చింది ఆడవాళ్ల పెదాలు.

మిల్లు మూసేశారు. యజమానులు దక్షిణాన ఇళ్లు కట్టుకున్నారు. ఇక్కడివాళ్లకి మిగిలింది చెవుడు. ఐవీ పెద్దమ్మకి కూడా మనిషి మూతి కనిపిస్తేనే మాట అందేది. అప్పటికే భర్త పోయాడు, పిల్లలు లేరు. కార్మికుల క్లబ్బులో నేల తుడిచి, టీ కాచేది. మగ్గం దిగాక ఇంకో పని చేతనవునా అని ఆవిడని ఎవరూ అడగలేదు.

సినిమా తీస్తానని జూలియన్ ప్రౌస్ లండన్ నుంచి వ్యాన్లో దిగింది ఆ రోజుల్లోనే. మెడకి పొడుగాటి మఫ్లరు, చేతిలో బాబాయి ఇచ్చిన డబ్బు. సొంత ఆంప్లిఫయర్లు ఉన్నాయని, నిరుద్యోగ భృతి మీద బతుకుతున్నాం గనక ఏ పూట పిలిచినా వస్తామని మా బ్యాండుని తీసుకున్నాడు. వ్యాను నడిపినవాడే హంతకుడు. రక్తమేమో చక్కెర పాకంలో ఎర్ర రంగు. క్లబ్బు కమిటీ హాలు ఇచ్చింది గాని, బింగో ఆట మొదలయ్యే వేళకి నేల మీద జిగురు కనపడకూడదని షరతు పెట్టింది. మేం చచ్చిన ప్రతిసారీ ఐవీ పెద్దమ్మ బకెట్టు పట్టుకుని వచ్చేది. నన్ను కాలితో తట్టి, కాస్త జరిగి చావమనేది.

బార్ ఆవిడ వేషానికి పిలిచిన నటి స్టేషన్లో దిగి, వానని, తను ఉండాల్సిన గదిని చూసి తర్వాతి రైల్లో వెళ్లిపోయింది. జూలియన్ హాలంతా చూశాడు. అతని చూపు నేల తుడుస్తున్న ఐవీ పెద్దమ్మ మీద ఆగింది. డైలాగు ఒక్కటే, చెబుతారా అని అడిగాడు. ఏప్రాన్ విప్పాలేమో అంది ఆవిడ. వద్దు, అదే కావాలన్నాడు.

బ్యాండు పాడుతుండగా ఆవిడ జనంలోంచి వేదిక దగ్గరికి పరుగెత్తి వచ్చి, గిటారు వాయిస్తున్న నాతో, “వాడు నీ వెనకే ఉన్నాడు, పారిపో!” అని అరవాలి. ఆవిడ పనంతా అదే.

శుక్రవారం క్లబ్బులో తన బల్ల దగ్గర ఆ సంగతి చెప్పింది. ఆ బల్ల చుట్టూ కూచునేవాళ్లంతా ఒకప్పటి నేతగత్తెలే. ఆలిస్ హిండిల్ గ్లాసు కింద పెట్టకుండానే అడిగింది. “సినిమాలో నువ్వేం చేస్తావే, చీపురు పడతావా?”

“మాట్లాడతాను,” అంది ఐవీ పెద్దమ్మ.

బల్లంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆ వారమంతా భర్త వదిలి వెళ్లిన పావురాల గూటి ముందు నిలబడి ఆ ముక్కే అరిచింది. పక్కింటాయన వచ్చి ఎవరు ఎవరి వెనక ఉన్నారని అడిగాడట. సినిమా బాగుంటుందా లేదా అన్నది ఆవిడకి పట్టలేదు. ఆ డైలాగు తనది, అది తెర మీద ఉండాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

చిత్రీకరణ రోజున ఆంప్లిఫయర్లు పూర్తిగా పెంచాం. మా డ్రమ్మర్ బార్నీ కొట్టుడికి కిటికీలు అదిరాయి. ఐవీ పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది, నా కళ్లలోకి చూసింది, నోరంతా తెరిచి చెప్పింది. వాడు నీ వెనకే ఉన్నాడు, పారిపో. ప్రతి అక్షరం నాకు అందింది. ఆవిడ గొంతులోంచి మాత్రం చిన్న శబ్దం కూడా రాలేదు.

జూలియన్ ఆపించాడు. “మిసెస్ గ్రిమ్‌షా, మీరు అరవలేదు.”

“చెప్పాను కదా బాబూ.”

“ఏం వినపడలేదండీ.”

“అంత మోతలో ఎలా వినపడుతుంది?” అంది ఆవిడ, అతని అమాయకత్వానికి జాలిపడుతూ.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. మోత మొదలైతే చాలు, ఆ షెడ్డులో బతికిన మనిషికి గొంతు దానంతటదే మూసుకుంటుంది, ముఖం తెరుచుకుంటుంది. అది ఆవిడ చేతిలో లేదు. జూలియన్‌కి విడమరిచి చెప్పాను. అతను గడియారం చూసుకున్నాడు. ఇంకొక్కసారికే ఫిల్ము ఉందని, ఈసారీ గొంతు రాకపోతే లండన్ వెళ్లి ఇంకో మనిషితో ఆ ముక్క తీసుకుంటానని అన్నాడు. ఆ మాట నాతోనే అన్నాడు గాని, అతని మూతి ఆవిడ వైపే ఉంది. ఆవిడ చదివేసింది.

ఏప్రాన్ సర్దుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది. చేతి వేళ్లు మెడ మీద పెట్టుకుంది, గొంతు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి.

మళ్లీ మొదలుపెట్టాం. పరుగెత్తుకొచ్చింది. ఊపిరి పీల్చింది. ఈసారి అరుస్తుందని నాకు అర్థమైంది, మెడ నరాలు ఉబ్బాయి. అంతలో ఆవిడ చూపు నా మీదినుంచి పైకి వెళ్లింది. ముఖం మారింది. ఊపిరి అలాగే మింగి, నోరు తెరిచింది.

దీపం. పక్కకి. ఇప్పుడే.

నేను ఆలోచించలేదు. వంటింట్లో అమ్మమ్మ మూతి కదిలితే ఎలా కదిలేవాణ్ణో అలా జరిగాను. పైన బాల్కనీ కటకటాలకి బట్టలారేసే తాడుతో కట్టిన పెద్ద లైటు ఊడి, నేను నిలబడ్డ చోట పడింది. గిటారు మెడ విరిగింది. నాకు మోచేతి మీద గాజు గీసుకుంది, అంతే.

మోత ఆగింది. బార్నీ డ్రమ్ముల వెనకనుంచి లేచి, ఇది కథలో ఉందా అని అడిగాడు. జూలియన్ ముఖం పాలిపోయింది. అతను దుర్మార్గుడు కాడు, చేతకానివాడు. నా భుజం పట్టుకుని బాగానే ఉన్నావా అని అడిగాడు. తర్వాత, పాపం, అలవాటు కొద్దీ ఆవిడ వైపు తిరిగాడు.

“మీ డైలాగు, మిసెస్ గ్రిమ్‌షా?”

“దానికి టైమేదీ బాబూ,” అంది. “ముందు వీణ్ణి జరపాలి కదా.”

అరిస్తే ఆ మోతలో నాకు అందదని ఆవిడకి తెలుసు. పెదాలతోనే చెబితే డైలాగు పోతుందనీ తెలుసు. నా ఈడువాళ్లం ఊరికే ఊరిని తిట్టుకుంటూ తిరిగేవాళ్లం, మాకిచ్చింది ఏముంది అని. నేను చదివిన పుస్తకాల్లో గొప్ప త్యాగాల గురించి చాలా పేజీలున్నాయి. ఇది ఊపిరి మింగినంత సేపట్లో అయిపోయింది. అయ్యాక ఆవిడ గాజు ముక్కలు ఊడ్చింది, బింగోవాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారని. ఊడుస్తూ ఒక్కసారే నా వైపు చూసింది. ఆలిస్‌కి ఏం చెప్పాలో తెలియడం లేదంది.

మరుసటి వసంతంలో జూలియన్ ప్రొజెక్టరు పట్టుకుని తనే వచ్చాడు. సినిమా మా ఊళ్లో చూపిస్తానన్న మాటకి నిలబడ్డాడు, అందుకు అతనికీ కృతజ్ఞతలు. క్లబ్బు హాలు నిండింది. ముందు వరసలో ఆలిస్ బల్లవాళ్లు, వాళ్ల పక్కన ఐవీ పెద్దమ్మ, ఆవిడ పక్కన నేను.

ఆ సన్నివేశం వచ్చింది. మొదటిసారి తీసింది వాడుకున్నారు. ఐవీ పెద్దమ్మ ముఖం తెరంతా నిండింది, నోరు తెరిచింది, అందులోంచి లండన్ పడుచు నటి గొంతు ముద్దుముద్దుగా పలికింది. వాడు నీ వెనకే ఉన్నాడు, పారిపో. నాకు ఒళ్లు మండింది. మగ్గం తీసుకున్నారు, చెవులు తీసుకున్నారు, ఇప్పుడు గొంతు కూడా. లేచి జూలియన్ని అందరిముందూ కడిగేద్దామనుకున్నాను.

అప్పుడు ముందు వరస కదిలింది. ఆ ముసలమ్మలకి ఆ నటి గొంతు చేరనేలేదు. వాళ్లు తెర మీద మూతిని చదువుకున్నారు, ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకున్నారు. ఆలిస్ హిండిల్ ముందుకు వంగి ఐవీ పెద్దమ్మకి ముఖం చూపించి, గొంతు లేకుండా చెప్పింది.

“శుభ్రంగా చెప్పావే.”

ఐవీ పెద్దమ్మ గడ్డం ఎత్తి కూర్చుంది. నేను ఉండబట్టలేక, ఆవిడకి కనపడేలా వంగి, ఆ గొంతు నీది కాదు పెద్దమ్మా అన్నాను.

“ఏ గొంతు?”

“ఎవరో పిల్లది పెట్టారు.”

“ఏమంటోంది?”

“నువ్వు చెప్పిందే.”

“మరింకేం,” అని నా తలని పక్కకి తోసింది. “అడ్డం లే. నిన్ను చంపుతున్నాడు, చూడనీ.”

నన్ను చంపినంతసేపూ ఆవిడ నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది.