కిల్న్ చల్లారిన రోజు

2019 వేసవి. జగ్గయ్యపేట దగ్గర మా కంపెనీకి ఒక పాత సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. నందిగామలో పుట్టి, మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ట్రైనీగా నేను మొదట చేరింది అక్కడే. ఆ వేసవి నాటికి హైదరాబాదు హెడ్డాఫీసులో కంపెనీ ఫ్యాక్టరీలన్నిటికీ పెద్దనయ్యాను. ఆ పాతదాన్ని మూసెయ్యాలని బోర్డు తేల్చింది. "మీ ప్రాంతం కదా, మీరు చెబితే వింటారు" అని నన్నే పంపారు. నా వేలితో నా కన్నే పొడిపించడమంటే ఇదే. పైగా మూసివేత శాశ్వతమని చెప్పొద్దట. 'తాత్కాలికం' అని చెప్పి రావాలట. గొడవలవుతాయని వాళ్ళ భయం.

సిమెంటు ఫ్యాక్టరీకి గుండెకాయ కిల్న్. లోపల ఇటుక పరిచిన పొడవాటి ఇనుప గొట్టం అది, కడుపులో మంటతో తిరుగుతూనే ఉంటుంది. మంట ఆపినా తిప్పడం ఆపకూడదు. వేడిమీద కదలకుండా వదిలేస్తే తన బరువుకి తానే వంగిపోతుంది, మళ్ళీ పనికిరాదు. అందుకని చల్లారేదాకా చిన్న మోటారుతో కొంచెం కొంచెం తిప్పుతుంటారు. దాన్ని బారింగ్ అంటాం.

ఆ కిల్న్ మంట చూసే బర్నర్ ప్రకాశరావుగారు. చెవిటికల్లు మనిషి. నేను ట్రైనీగా ఉన్నప్పుడు కంటికి నీలం అద్దం అడ్డం పెట్టి మంట చూడడం నేర్పింది ఆయనే. "ఏం ఇంజినీరూ, ఉత్త కళ్ళతో చూశావంటే పెళ్ళిచూపుల్లో పిల్ల కనపడదు" అని ఏడిపించేవారు. ఇప్పుడు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. కూర్చోండి అంటే కూర్చోలేదు.

"సార్, ఒక మాటండి. రాజస్థాన్‌లో ఒక ఫ్యాక్టరీవాళ్ళు రమ్మంటున్నారు. ఈ వారంలో చెప్పాలంట. మా ఆవిడకి ఒంట్లో బాగోదు, అంత దూరం తీసుకెళ్ళలేను. ఇది మళ్ళీ వెలుగుద్దంటే ఆగిపోతానండి."

"తాత్కాలికమనే అంటోందండీ కంపెనీ..." అని కక్కలేక మింగలేక నసిగాను. ఆయన నా ముఖంకేసి ఒకసారి చూసి పనిలోకి వెళ్ళిపోయారు.

మర్నాడు ఉదయం మంట ఆపారు. కంట్రోల్ రూములో షిఫ్టువాళ్ళంతా ఉన్నారు, ప్లాంటు మేనేజరూ ఉన్నాడు. ప్రకాశరావుగారు నావైపు తిరిగారు.

"బారింగ్ చేయమంటారా అండి?"

మామూలు ప్రశ్నే. నాకు మాత్రం కాదు. చేయమంటే మళ్ళీ వెలిగిస్తామని అర్థం, ఆయన రాజస్థాన్ మానుకుంటారు. వద్దంటే తుక్కు కింద అమ్మేస్తున్నామని అర్థం. ఉపన్యాసమైతే ఎటూ తేల్చకుండా లాగించొచ్చు. ఈ ప్రశ్నకి ఉన్నవి రెండే జవాబులు.

"అక్కర్లేదు" అన్నాను.

మేనేజరు గుడ్లప్పగించి చూశాడు. ప్రకాశరావుగారు హెల్మెట్ తీసి బల్లమీద పెట్టారు.

"మంచిదండి. చెప్పారు, అంతే చాలు."

టీ వేళకి సంగతి ఫ్యాక్టరీ అంతా పాకింది. గొడవేమీ జరగలేదు. ఏడ్చినవాళ్ళు మాత్రం ఉన్నారు. హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసి నామీద అరిచారు. అరవనిచ్చాను.

సాయంత్రం కారెక్కబోతూ చూస్తే కిల్న్ కొంచెం కదిలి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. దగ్గరికి వెళ్ళాను. పొద్దున్నుంచీ ప్రకాశరావుగారే తిప్పిస్తున్నారట.

"ఇంకా ఎందుకండీ?" అన్నాను.

"మనిషి పోతే కాళ్ళూ చేతులూ సరిచేసి తిన్నగా పడుకోబెడతాం గదండి. ఇన్నేళ్ళు కూడెట్టింది. దీన్ని వంకరగా ఎట్టా వదిలేస్తాం?"

అది ఇంకోసారి కదిలేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.

భార్యని జి.కొండూరులో కూతురి దగ్గర దింపి ఆయన ఒక్కరే రాజస్థాన్ వెళ్ళారు. ఎండలు తగ్గకముందే కిల్న్‌ని గ్యాస్ కట్టర్లతో ముక్కలు చేశారు. "ఎక్కడా వంపు లేదు, ఇంత బాగున్నదాన్ని ఎందుకు కోయిస్తున్నారండీ?" అని కోసే మేస్త్రీ మేనేజర్ని అడిగాడట.

ఇంజినీరింగ్ కాలేజీలకి పిలిచినప్పుడల్లా కుర్రాళ్ళు "అంత పైకి ఎలా ఎదిగారు సార్?" అని అడుగుతారు. ఏదో ఒకటి చెబుతాను. పైకెదిగితే మనవాళ్ళకి ఏదైనా చేయొచ్చని ఆ వయసులో నేనూ అనుకున్నాను. అంత పెద్ద కుర్చీలోంచి, నాకు పని నేర్పిన మనిషికి నేను ఇవ్వగలిగింది 'అక్కర్లేదు' అన్న ఒక్క మాట. అదీ ఆయన అడిగితేనే.