గాలిమఠానికి నీళ్లు మోసిన ఉలిగమ్మ

పెనుకొండకు పడమట గాలిగుట్ట మీద ఒక మఠం ఉండె. అక్కడ దేవుని పూజ తక్కువ. మన్ను, నీళ్లు, నిప్పు, గాలి మనిషి మాట వినేట్ల చేసుకునే విద్య నేర్పించేవాళ్లు.

ఉలిగమ్మ పుట్టింది ధర్మవరంలో మగ్గాలోళ్ల ఇంట్లో. మొగుడు హనుమంతుది గుట్ట కింద చెనిక్కాయ చేను. రెండేండ్లు వాన లేక చేను ఎండిపాయ. 'గాలి విద్య వస్తే వాన మోడాల్ని మన చేని మీదికి తోలుకోవచ్చు' అని హనుమంతు 1955లో మఠంలో చేరినాడు. వింటే నవ్వొస్తుంది గానీ, ఆ చేను చూసినోళ్లెవరూ నవ్వలేదు.

చదువు మూడేండ్లు. గాలి చదివేవాళ్లు ఊపిరి బిగబట్టి బండ మీద పడుకుంటారు. అప్పుడు వాళ్లను పిలవగూడదు, ముట్టగూడదు. పిలిచినా, ముట్టినా నేర్చిందంతా పోయి మళ్లీ మొదటినుంచి మూడేండ్లు!

మొగున్ని దూరంనుంచైనా చూడొచ్చని ఉలిగమ్మ మఠానికి నీళ్లు మోసే పనికి కుదిరింది. నాలుగొందల మెట్లు, దినానికి ఆరు బిందెలు. నిప్పు చదివేవాళ్లకు కట్టెలు మోసే బుడన్‌బీ తోడు.

"ఏం ఉలిగక్కా, మీ ఆయప్ప ఈపొద్దన్నా ఊపిరి పీల్చినాడా?"

"పీల్చినాడు లేవే. నీ కట్టెల దుమ్ముకు తుమ్మినాడు గూడా."

"అయితే ఇంకో మూడేండ్లు!"

నవ్వుకుంటా ఎక్కేవాళ్లు.

1958 ఎండాకాలం. ఇంక ఎనిమిది దినాలుంటే హనుమంతు ఇంటికొస్తాడు. ఉలిగమ్మ గోడలకు సున్నం కొట్టింది, కొర్రలు దంచిపెట్టింది.

ఆ పొద్దు మూడో బిందెతో ఎక్కుతాంటే హనుమంతు బండ మీద ఎల్లెలకల పడుకొని కనపడినాడు. ఎండ మండిపోతాంది. నాలుగో బిందెకూ అట్లే ఉన్నాడు. ఐదో బిందెకు పెదాలు నల్లబడినాయి.

"అక్కా, పిలువు," అనింది బుడన్‌బీ.

"ఎనిమిది దినాలేనే. ఇప్పుడు పిలిస్తే ఆయప్ప నా మొగం చూడడు."

"నేను పిలుస్తా. నాకేం, నేనేమన్నా పెండ్లాన్నా?"

ఉలిగమ్మ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆరో బిందెకు పొయ్యేసరికి ఆయప్ప కండ్లకాడ చీమలు పట్టినాయి. బిందె యాడ పడిందో ఉలిగమ్మకు తెలీదు. ఆమె అరుపుకు మఠం పెద్దస్వామి వచ్చి అడ్డం నిలబడినాడు.

"ముట్టొద్దమ్మా. గాలిలో కలిసినాడు. ఇంత తొందరగా ఈ సిద్ధి ఎవరికీ రాలేదు."

"వడదెబ్బ, స్వామీ," అని ఉలిగమ్మ ఆయప్ప తల ఒళ్లో పెట్టుకుంది. మూడేండ్లలో మొగున్ని ముట్టడం అదే మొదటిసారి.

మఠమోళ్లు ఒక్కరూ చెయ్యెయ్యలేదు, పీనుగను ముడితే వాళ్ల చదువు గూడా పోతుందని. ఆడోళ్లిద్దరే నాలుగు కట్టెలు తాడుతో అల్లి, దాని మీద పండబెట్టి, మెట్టుమెట్టూ దించుకొచ్చినారు. సున్నం కొట్టిన ఇంటికి పొద్దుగూకినాక చేరినారు.

ఆ తర్వాత రెండేండ్లకు మఠం మూతబడింది. ఉలిగమ్మ, బుడన్‌బీ ఇద్దరూ హిందూపురం పోయి సంతలో చింతపండు అమ్ముకుంటా బతికినారు. ఎవరన్నా "నీకు అనుమానమే రాలేదామ్మా?" అంటే బుడన్‌బీనే ముందు అందుకునేది. "అక్కకేం తెలుసు పాపం, నేమం అట్లాంటిది!"

ఉలిగమ్మ ఒప్పుకునేది కాదు.

"నాలుగో బిందెకే వచ్చిందబ్బా. అయినా దాటుకొని పోయినా."