ఝాన్సీలక్ష్మి మడి నీళ్ళు

ఎచ్చెర్ల దాటాక హైవే పక్కన, నా మొబైల్ రిపేరు కొట్టు మీది అంతస్తులో రొయ్యల ల్యాబ్ ఉంది. తమకి జ్వరమొస్తే అదే పోతుందిలే అనుకునే మా వైపు రైతులు, రొయ్య ముక్కు చీదిందంటే మాత్రం ఐసు డబ్బాలో పెట్టుకుని ఆ మెట్లెక్కుతారు. పరీక్షలు చేసేది ఝాన్సీలక్ష్మి. నరసన్నపేటలో పప్పుల కొట్టువాళ్ళ పిల్ల. నాయనమ్మ మడి కట్టుకున్నప్పుడు గడప ఇవతలే నిలబడి పెరిగింది కాబట్టి ల్యాబ్ ఆమెకి పుట్టింటిలాగే ఉండేది. అక్కడా ముట్టుకోకూడదు, మీద పడి మాట్లాడకూడదు.

కారణం ఆర్‌ఎన్‌ఏ. కొన్ని రొయ్యల వైరస్‌లలో ఉండేది అదే. కొత్త పెళ్ళికొడుకు కన్నా సుకుమారం. మన చెమటలో, ఉమ్మిలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. ఆ ఎంజైమ్ మరిగించినా చావదు. అందుకని ఈ పరీక్షకి వాడే నీళ్ళు క్రిములు లేనివైతే చాలదు, ఆ ఎంజైమ్ కూడా లేనివి కావాలి.

ఝాన్సీకి తోడు అనిత ఒక్కతే. కళింగపట్నం అవతల వేటకెళ్ళేవాళ్ళ ఇంటి పిల్ల. మధ్యాహ్నం ఇద్దరూ ముందుగదిలో తినేవాళ్ళు. ఝాన్సీది పప్పన్నం, అనితది ఎండుచేపల కూర. అనిత కబుర్లకి ఝాన్సీ నవ్వే నవ్వు కింద నాకు వినపడేది. మిగతా రోజంతా ఆమె గొంతు ఎవరికీ వినపడదు. ఊళ్ళో ఆమెకి మాట్లాడే మనుషులూ లేరు.

ఉన్నట్టుండి పరీక్షలు చెడ్డం మొదలైంది. ఆర్‌ఎన్‌ఏ బాగుంటే జెల్ అనే జిగురు పలక మీద గీత స్పష్టంగా కనిపించాలి. చెమటకి కారిన కుంకుమలా చెదిరిపోయేది. నీళ్ళదే తప్పనుకుంది ఝాన్సీ. రెండుసార్లు ఆవిరి పట్టిన నీళ్ళు తీసింది. తర్వాత ఎంజైమ్‌ని చంపే మందు కలిపి, ఆ మందు పోయేదాకా కాచింది. చివరికి విశాఖ నుంచి సీలు వేసిన ఖరీదైన సీసా తెప్పించింది. ఏవైనా మొదట్లో బాగానే ఉండేవి, సీసా తెరిచాక పాడయ్యేవి. నీళ్ళది కాకపోతే చేతిది. ఎవరి చెయ్యి? ఝాన్సీ కళ్ళు అనిత క్యారేజీ మీద పడ్డాయి.

ఒకరోజు చెప్పేసింది. "నువ్వు లోపల గదిలోకి రాకే. ఆ సేతుల్తో ఏటేటో ముట్టుకుంటావు."

అనిత తన చేతులు ఒకసారి చూసుకుంది. మర్నాటి నుంచి నా కొట్లో కూర్చుని తింది. తర్వాత యజమాని భీమశంకరరావుని అడిగి, సముద్రం ఒడ్డున పరీక్షకి రొయ్యలు తీసుకునే సెంటర్‌కి మార్పించుకుంది.

అనిత ఇంకా సామాన్లు సర్దుకుంటూనే ఉంది, లోపలికి మాత్రం అడుగు పెట్టడం లేదు. అయినా గీత చెదురుతూనే ఉంది. ఇక అనుమానించడానికి ఝాన్సీకి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

కొత్త సీసా తీసింది. గ్లౌజులు వేసుకుని కొంచెం నీళ్ళు ఒక గొట్టంలోకి తీసింది. ఇంకో గొట్టంలోకి మాత్రం రోజూ పొద్దున్న తీసినట్టే తీసింది. అంటే సబ్బుతో శుభ్రంగా చేతులు కడుక్కుని, ఉత్త చేతులతో. మడిలో కడిగిన చేతికి మించిన శుద్ధి లేదు కదా. గ్లౌజులు ఆమె రొయ్యని ముట్టుకునేముందే వేసుకునేది. రెండింటిలోనూ మంచి ఆర్‌ఎన్‌ఏ కలిపి, కాసేపు వెచ్చగా ఉంచి జెల్ మీద నడిపింది. గ్లౌజుల నీళ్ళలో గీత చక్కగా నిలిచింది. కడిగిన చేతి నీళ్ళలో చెదిరిపోయింది. ఎంత కడిగినా చేతికి చెమట ఊరుతూనే ఉంటుంది మరి.

అప్పటికి అనిత మెట్లు దిగి నా కొట్టు ముందు ఆటో కోసం చూస్తోంది. ఝాన్సీ చెప్పుల్లేకుండా దిగొచ్చింది.

"నా సెయ్యేనే," అంది.

"నాది కాదని నాకు తెల్సక్కా," అంది అనిత. "నీకు తెలీడానికి నన్ను బయట కూకోబెట్టాలా?"

ఉండిపొమ్మంది ఝాన్సీ. అనిత కోప్పడలేదు. ఇంటి దగ్గర పని బాగుంటాదిలే అని ఆటో ఎక్కింది.

ఇప్పుడు నీళ్ళు గ్లౌజులతోనే చిన్న చిన్న గొట్టాల్లోకి తీస్తారు, మిగిలితే పారబోస్తారు. పరీక్షలన్నీ సరిగ్గా వస్తున్నాయి. రొయ్యల డబ్బా ఇవ్వడానికి అనిత వారానికోసారి వస్తుంది. ఝాన్సీ ప్రతిసారీ లోపలికి రమ్మంటుంది, పప్పన్నం ఇద్దరికి తెచ్చానంటుంది.

"వద్దులే అక్కా, మీ నీళ్ళు పాడైపోతాయి," అంటుంది అనిత, నవ్వుతూనే. ఝాన్సీ కూడా నవ్వుతుంది. అనిత గుమ్మం బయటే డబ్బా అందించి వెళ్ళిపోతుంది.